వేరు ఇచ్చే విశ్రాంతి

పసిఫిక్ మహాసముద్ర ద్వీపవాసులు తరతరాలుగా సేవిస్తున్న కావా అనే పానీయం చూపునకు బురదనీటిని పోలి ఉంటుంది. రుచి చేదు, వగరు, ఆ వెనుక కొంచెం ఘాటు. ఒక చిప్పెడు తాగిన కొద్ది నిమిషాలకే పెదవులు, నాలుక మొద్దుబారుతాయి. లవంగం నమిలినప్పుడు కలిగే తిమ్మిరి వంటిదే ఇది, కాని మరింత గాఢమైనది. పిదప మెడలోను, భుజాలలోను ఉన్న బిగువు సడలుతుంది. మాట నెమ్మదిస్తుంది, మనసులోని ఆందోళన వెనక్కు తగ్గుతుంది. విశేషమేమంటే, మితంగా సేవించినంతవరకు ఆలోచన చెదరదు. మద్యం తాగినవాడు నోరు జారవచ్చు, చేయి చేసుకోవచ్చు. కావా తాగినవాడు సాధారణంగా కూర్చున్నచోటనే కూర్చుండిపోతాడు. వనువాటు దేశంలో కావా సేవించే స్థలాన్ని నకమాల్ అంటారు. అక్కడ దీపాలు మందంగా ఉంచుతారు, గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. కావా ఒంటబట్టినవారికి వెలుతురు, చప్పుడు రెండూ కటువుగా తోస్తాయి.

ధ్యానంతోనో, శ్రమతోనో, జీవితానుభవంతోనో సాధించవలసిన చిత్తశాంతి ఒక వేరు రసం వల్ల అరగంటలో లభిస్తే దానిని శాంతి అనవచ్చునా? లేక అది మర్యాద వేషం ధరించిన మత్తు మాత్రమేనా? ఈ ప్రశ్న ఆ ద్వీపాలకే పరిమితమైనది కాదు. చెరకు తోటల కూలీలుగా ఫిజీకి వెళ్లిన తెలుగువారి సంతతి కూడా ఈ పాత్ర చుట్టూ కూర్చున్నది.

కావా మొక్క మనకు పూర్తిగా పరాయిది కాదు. మిరియాల తీగ, తమలపాకు తీగ, పిప్పలి ఏ ప్రజాతికి చెందినవో ఇదీ ఆ ప్రజాతికే చెందినది. ఆ ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పైపర్ అనే పేరు సైతం పిప్పలి అనే మన మాట నుంచి గ్రీకు, లాటిన్ భాషల మీదుగా వచ్చినదే. కెప్టెన్ కుక్ రెండవ సముద్రయానంలో (1772–75) పాల్గొన్న జర్మన్ పండితుడు గియోర్గ్ ఫార్‌స్టర్ 1786లో దీనికి పైపర్ మెథిస్టికం అని నామకరణం చేశాడు. మత్తు కలిగించే మిరియమని దాని భావం. అంటే పేరులోనే తీర్పు ఇమిడి ఉంది. ఆ తీర్పును శాస్త్రం యథాతథంగా నిలబెట్టలేదు. మత్తుపదార్థాల అధ్యయనానికి మార్గదర్శి అయిన లూయీ లెవిన్ 1924లో ప్రచురించిన గ్రంథంలో మద్యాన్ని ఒక వర్గంలోను, కావాను నిద్రను ప్రేరేపించే ద్రవ్యాల వర్గంలోను ఉంచాడు. వేరులో ఉండే కావాలాక్టోనులు మెదడులోని ఉద్రేకాన్ని అణచే వ్యవస్థకు తోడ్పడతాయనీ, కండరాల బిగువును తగ్గిస్తాయనీ తరువాతి పరిశోధనలు తెలిపాయి.

మన సంప్రదాయం ఇటువంటి ద్రవ్యాన్ని ఎక్కడ ఉంచుతుంది? ధర్మశాస్త్రాలు సురాపానాన్ని మహాపాతకాలలో చేర్చాయి. అక్కడ నిషేధం ద్రవ్యానికి సంబంధించినది. బౌద్ధుల పంచశీలంలోని ఐదవ నియమం మరొక మెట్టు పైకి వెళ్లి, నిషేధానికి కారణాన్ని కూడా చెప్పింది. మత్తు పానీయాలు ప్రమాదానికి, అనగా ఏమరుపాటుకు తావిస్తాయి కనుక వర్జ్యమని దాని ఆశయం. దీనిని ప్రమాణంగా స్వీకరిస్తే, పాత్రలో ఏమున్నది అన్న ప్రశ్న పక్కకు పోయి, తాగినవాడు ఎవరిని మరచిపోయాడు, ఏ పనిని మరచిపోయాడు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం సుఖాన్ని మూడు విధాలుగా విభజించి, నిద్ర, సోమరితనం, ఏమరుపాటు అనే వాటినుండి పుట్టినదానిని తామసమన్నది. మొదట విషంవలె ఉండి తుదకు అమృతమయ్యేది సాత్త్విక సుఖమని కూడా అక్కడే ఉన్నది. కావా చేదు కనుక అది ఈ కోవకు చెందుతుందని ఎవరైనా చమత్కరించవచ్చు. గీత చెప్పిన చేదు నాలుకకు తగిలేది కాదు.

ఫిజీలో ఈ పానీయాన్ని యంగోనా అంటారు. గ్రామానికి వచ్చిన అతిథి యంగోనా వేళ్ల కట్టను పెద్దల ముందుంచి, రావటానికి కారణం విన్నవించుకొంటాడు. ఈ మర్యాదకు సేవుసేవు అని పేరు. పెద్ద కర్రపాత్రలో వేరు పొడిని నీటితో పిసికి వడకడతారు. రాజలాంఛనాలతో జరిగే సభలో, తెల్లని గవ్వలు కట్టిన కొబ్బరి పీచు తాడును పాత్రనుండి దొర వైపుగా పరుస్తారు; దానిని ఎవరూ దాటరాదు. ఒకే కొబ్బరి చిప్ప వరుసక్రమంలో తిరుగుతుంది. అందుకొనేవాడు ఒకసారి చప్పట్లు చరచి, ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగి ఇస్తాడు. తాగింది ఎంత అన్నది అక్కడ ముఖ్యం కాదు. ఎవరి తరువాత ఎవరు, ఎవరు మాట్లాడుతుండగా ఎవరు మౌనం వహించాలి అన్న ఎరుక ముఖ్యం. పానీయం శరీరాన్ని సడలిస్తుండగా క్రమం మనసును మేలుకొలిపి ఉంచుతుంది. ఏమరుపాటుకు విరుగుడు ఈ పద్ధతిలోనే ఉన్నదని చెప్పవచ్చు.

టోంగా ప్రజల పురాగాథ ఇంకా లోతుకు తీసుకుపోతుంది. కరవు కాలంలో రాజు ఒక చిన్న దీవికి వస్తాడు. అక్కడ ఫెవాంగా, ఫెఫాఫా అనే దంపతులకు అతిథికి పెట్టటానికి ఏమీ ఉండదు. కుష్ఠు సోకిన తమ ఒక్కగానొక్క కూతురినే చంపి వంట సిద్ధం చేస్తారు. సంగతి తెలిసిన రాజు ముట్టక, ఆమెను గౌరవంగా పూడ్చమంటాడు. సమాధిపై రెండు మొక్కలు మొలుస్తాయి. ఒకదానిని కొరికిన ఎలుక తూలి, రెండవదానిని కొరికి తేరుకొంటుంది. మొదటిది కావా, రెండవది చెరకు. శ్రీనాథుని హరవిలాసంలో చిరుతొండనంబి కథ చదివినవారికి ఇందులో కొత్త ఏమీ లేదనిపించవచ్చు. కాని శివుడు సిరియాళుని తిరిగి ఇచ్చాడు. టోంగా రాజు ఇవ్వలేకపోయాడు. ఆ ద్వీపవాసుల దృష్టిలో కావా తాగటమంటే ఎవరో చేసిన త్యాగాన్ని తలచుకోవటం కూడా. ఉచితంగా దొరికిన శాంతి అనే ఊహకు ఆ గాథలో చోటు లేదు.

ఇక చెరకు. 1879 నుండి 1916 వరకు అరవై వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా ఫిజీ చేరారు. ఆ ఒప్పందమే వారి నోట గిర్మిట్ అయింది. మద్రాసు రేవునుండి ఓడలు 1903లో మొదలైనాయి; వాటిలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా ప్రాంతాలవారు వెళ్లారు. వారి సంతతి 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించి భాషను నిలుపుకోవటానికి ప్రయత్నించింది. ఇంట మాట్లాడే తెలుగు చాలావరకు ఫిజీ హిందీకి తావిచ్చింది. ద్వీపవాసుల యంగోనా వారి నోట నంగోనా అయింది. ఓడ కళాసీల మాటైన గ్రాగ్ కూడా అదే పానీయానికి పేరుగా స్థిరపడింది. పెళ్లి ఇంట, చావు ఇంట, భజన ముగిసిన తరువాత, ఇనుప రోటిలో వేరు దంచే చప్పుడు వినిపించటం మామూలైంది.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. ఎంగిలి అన్న మాటకు మన ఆచారంలో ఎంత బరువున్నదో చెప్పనక్కరలేదు. ఒకరు తాగిన లోటాను కడగనిదే ఇంకొకరు ముట్టని ఇళ్లనుండి వెళ్లినవారి మనుమలు, పరజాతివారి పెదవులు తాకిన చిప్పను అందుకొని తాగారు. కులపంక్తి ఓడలోనే చెదరిపోయిందన్నది నిజమే. కాని గత్యంతరం లేక పంక్తి విడవటం వేరు, కోరి ఒక చిప్పను పంచుకోవటం వేరు. ఈ రెండవది ఒక నైతిక కార్యమే. ఎవరి బోధవల్లా కాక, రోజు కూలి ముగించిన ఒళ్లునొప్పులవల్ల అది జరిగి ఉంటే దాని విలువ తగ్గదు.

అయితే ఈ వలయాన్ని అతిగా కీర్తించటం కూడా సత్యదూరమే. ఫిజీలో భూమి అత్యధిక భాగం ఆదివాసి వంశాల ఉమ్మడి ఆస్తి; భారతీయ రైతు కౌలుదారు. కౌలు గడువులు 1997 నుండి తీరటం మొదలైనప్పుడు ఎన్నో కుటుంబాలు పొలాలు వదలవలసి వచ్చింది. వేళ్ల కట్ట పట్టుకొని అడగబోయేవాడికీ, దానిని స్వీకరించేవాడికీ మధ్య పాత్ర ఒకటే అయినా స్థానం ఒకటి కాదు. 1987 మే 14న జరిగిన సైనిక తిరుగుబాటును ఏ పాత్రా ఆపలేదు. సరిగ్గా 108 ఏళ్ల క్రితం అదే తేదీన మొదటి గిర్మిట్ ఓడ లియోనిడాస్ ఫిజీ తీరం చేరింది. బిగువు సడలటం ఒకటి, బిగువుకు గల కారణం తొలగటం మరొకటి. మొదటిదానిని రెండవదిగా భ్రమించటంలోనే కావా తెచ్చే అసలైన ఏమరుపాటు ఉన్నది.

క్రమం లోపించినచోట ఇదే వేరు ఎలా ప్రవర్తిస్తుందో ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో కనిపించింది. 1980ల తొలినాళ్లలో అక్కడి ఆదివాసి సమాజాలకు కావా, కొంతవరకు మద్యానికి ప్రత్యామ్నాయంగా, చేరింది. వేరు వచ్చింది కాని వరుస రాలేదు. విపరీతంగా తాగినవారిలో చర్మం పొలుసులు దేరటం, శరీరం కృశించటం వైద్యులు గమనించారు. 2007లో ఆ దేశం వాణిజ్య దిగుమతిని ఆపి, 2021 డిసెంబరులో తిరిగి అనుమతించింది. ఐరోపాలో కావా మాత్రల రూపం దాల్చింది. కాలేయానికి హాని జరిగిందన్న నివేదికలపై జర్మనీ 2002లో నిషేధించగా, 2014లో అక్కడి పరిపాలనా న్యాయస్థానం ఆ నిషేధాన్ని తోసిపుచ్చింది. నిషేధమైనా అనుమతి అయినా ద్రవ్యం గురించే మాట్లాడాయి. చట్టానికి అంతకుమించి చేతకాదు కూడా.

గ్రాగ్ సభకు వచ్చే కష్టం వేరు. అది సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటుతుంది. మద్యం తాగి వచ్చిన భర్త కొడతాడని భయపడే ఇల్లాలికి, గ్రాగ్ తాగి వచ్చి మౌనంగా పడుకొనే భర్త మేలనిపించవచ్చు. కాని ఆ రాత్రి పిల్లవాడి చదువు సంగతి, అప్పు సంగతి మాట్లాడేందుకు ఆ ఇంట రెండవ మనిషి ఉండడు. మరునాడు ఉదయం పొలానికి లేవలేని బద్ధకం ఎలాగూ ఉన్నది. హింస లేదు కనుక దోషమూ లేదనే వాదన, వాకిట్లో ఎదురుచూసే మనిషిని లెక్కలోకి తీసుకోదు.

పాతకాలపు లాంఛన సభలో పాత్ర ఖాళీ కాగానే ఆ సంగతిని పైకి ప్రకటించి, అందరూ చప్పట్లు చరచి లేచేవారు. గ్రాగ్ సభలో ఆ ప్రకటన వినిపించటం అరుదు. పాత్ర అడుగు కనిపించేలోగానే ఎవరో ఒకరు ఇంకొక పొట్లం విప్పుతారు.