అందం ఎవరి కోసం?

ఒక వస్తువును మనం అందంగా తయారుచేస్తే ఆ అందం ఎవరి కోసం? చేసినవాళ్ళ కోసమా, చూసేవాళ్ళ కోసమా, దాని లోపల బతికే ప్రాణి కోసమా? ఈ ప్రశ్న నాకు మా ఇంటి హాల్లో, చేపల తొట్టి ముందు కూర్చున్నప్పుడు పుట్టింది. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉంది. అదీ రాస్తాను.

మేముండేది చెన్నైలో. పోయిన వేసవి సెలవుల్లో మా వీధిలో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ పాత చేపల తొట్టిని, దాని ఇనుప స్టాండును పాత సామాన్ల బండికి వేసేయబోయారు. నాన్న 500 రూపాయలిచ్చి రెండూ ఇంటికి తెచ్చారు. తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు. అద్దం మీద ఉప్పునీళ్ళ మరకలు తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. ఒక మూల నుంచి నీళ్ళు కారుతాయని ఇచ్చినవాళ్ళే చెప్పారు. స్టాండు కాళ్ళు తుప్పు పట్టి, ఒక కాలు కొంచెం పొట్టిగా అయిపోయింది. అమ్మ చూసి, "ఇంటికి ఇంకో చెత్త వచ్చింది" అంది.

నాకు మాత్రం అది చెత్తలా కనిపించలేదు. నాన్న, నేను ఆదివారాలు కూర్చుని బాగుచేశాం. ముందు స్టాండు. సాండ్ పేపరుతో (ఇక్కడ అందరూ ఉప్పుత్తాళ్ అంటారు) తుప్పంతా గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పైన రంగు వేశాం. పొట్టి కాలికి రబ్బరు ముక్క పెట్టాం. "ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల నీళ్ళు పడతాయి. నీ తొట్టికి ఎంతో లెక్కెయ్యమ్మా" అన్నారు నాన్న. 56 లీటర్లు. అంటే నీళ్ళే 56 కిలోలు! స్టాండు ఒక పక్కకు ఒరిగినా ఆ బరువంతా అద్దం మీద పడి పగులుతుందట. అందుకే తొట్టి కింద థర్మోకోల్ షీటు కూడా వేశాం.

తరువాత అద్దం. సబ్బు వాడకూడదని, అద్దంలో మిగిలితే చేపలకు మంచిది కాదని షాపతను చెప్పాడు. వెనిగర్‌తో మరకలు రుద్దాం. మూలల్లో పాత సిలికాన్‌ను బ్లేడుతో తీసేసి కొత్తది పట్టించాం. అది గట్టిపడాలని రెండు రోజులు ముట్టుకోలేదు. ఆ తరువాత మేడ మీద నీళ్ళు నింపి, కింద పాత న్యూస్ పేపర్లు పరిచి, ఇంకో రెండు రోజులు చూశాం. పేపరు ఒక్క చుక్క కూడా తడవలేదు. ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. తొట్టిలో అందరిలా ప్లాస్టిక్ గడ్డి, బుడగలు వదిలే పెట్టె పెట్టడం నాకిష్టం లేదు. మా అవ్వ దగ్గర నవరాత్రి కొలువు బొమ్మల్లో ఒక పెళ్ళి సెట్టు ఉంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పురోహితుడు, నాదస్వరం, డోలు వాయించేవాళ్ళు, వంటవాడు, వడ్డన విస్తళ్ళు. అన్నీ మట్టి బొమ్మలే. పెళ్ళికొడుకు ముక్కు విరిగింది, డోలు ఆయన చెయ్యి పోయింది. విరిగిన బొమ్మను కొలువులో పెట్టకూడదు కాబట్టి అవి అట్టపెట్టెలో పడి ఉన్నాయి. అవి అడిగితే అవ్వ ఇచ్చేసింది. నేను వాటికి కొత్తగా రంగులు వేసి, తొట్టిలో "నీళ్ళల్లో పెళ్ళి" చేద్దామనుకున్నాను. చేపలు పెళ్ళికొచ్చిన చుట్టాలన్నమాట! స్టాండు ముందువైపు అరటి చెట్లు, మామిడాకుల తోరణం గీశాను. విరిగిన బొమ్మలు, పారేసిన తొట్టి, తుప్పు పట్టిన స్టాండు, ఎవరికీ అక్కర్లేని మూడింటికీ నేను మళ్ళీ బతుకు ఇచ్చానని చాలా గర్వపడ్డాను.

కొళత్తూరు వెళ్ళాం. చెన్నైలో రంగు చేపల అంగళ్ళకు అది పేరున్న చోటు. నాలుగు గోల్డ్ ఫిష్ తెచ్చాం. నీళ్ళు పోసిన మూడో రోజే వదిలేశాను. ఆ సాయంత్రం పక్కింటి అత్తయ్య, నా స్నేహితులు, తమ్ముడి స్నేహితులు అందరూ వచ్చి చూశారు. ఫోటోలే ఫోటోలు. పెళ్ళికూతురి ముందు చేప నోరు తెరిస్తే అక్షింతలు తింటోందని తమ్ముడు అరిచాడు.

రెండో రోజుకే నీళ్ళు లేత ఎరుపుగా మారాయి. బొమ్మల రంగు కరుగుతోంది. నాలుగో రోజు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. "ఆకలేమో" అని ఇంకొంచెం మేత వేశాను. ఐదో రోజు పొద్దున రెండు చనిపోయి తేలాయి. ఆ మరునాడు ఇంకొకటి. మిగిలిన ఒక్కదాన్ని టబ్బులో వేసుకుని కొళత్తూరు షాపతనికి ఫోన్ చేశాం. ఆయన నన్ను తిట్టలేదు. చేపల మలమూత్రాల వల్ల, మిగిలిన మేత వల్ల నీళ్ళలో అమ్మోనియా పుడుతుందని, అది విషమని చెప్పాడు. మా సైన్సు సారు తరువాత పూర్తిగా వివరించారు. ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దానివల్ల హాని చాలా తక్కువ. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేను మూడు రోజులు కూడా ఆగలేదు. పైగా నీళ్ళలో కరిగే రంగు. చేపలను చంపింది అమ్మోనియానా, రంగా, రెండూనా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు.

నా స్నేహితురాలు, "ఏమే, కాసిమేడు హార్బర్‌లో రోజూ అన్ని చేపలు అమ్ముతారు, మీ ఇంట్లోనూ వండుతారు. మూడు చిన్న చేపలకు ఇంత ఏడుపా?" అంది. నాకు వెంటనే జవాబు దొరకలేదు. చాలా రోజులు ఆలోచించాను. మేము చేపలు తింటాం, అది నిజం. తినడం తప్పా కాదా అన్నది వేరే పెద్ద ప్రశ్న. కాని ఈ చేపల్ని నేను తినడానికి తేలేదు. "మీకు ఇల్లు కట్టాను, రండి" అని తెచ్చాను. పిలిచినవాళ్ళకు బాధ్యత ఉంటుంది. చుట్టాన్ని పిలిచి విషం పెడితే, ఊళ్ళో ఇంకెవరికో అన్నం లేదు కదా అని తప్పించుకోలేం.

"నీకు తెలియక చేశావులే తల్లీ" అని అవ్వ ఓదార్చింది. తెలియక చేసింది తప్పు కాదా? ఇక్కడే నేను ఒకటి కనిపెట్టాను. నీళ్ళు కారతాయేమోనని నేను నాలుగు రోజులు ఓపిగ్గా ఆగాను. కింద పేపరు పరిచి గంటగంటకూ చూశాను. ఎందుకంటే అది కారితే మా ఇల్లు తడుస్తుంది, అమ్మ తిడుతుంది. చేపలు బతుకుతాయా అని మాత్రం ఒక్క పరీక్ష కూడా చేయలేదు. సబ్బు గురించి చెప్పిన షాపతనినే ఈ సంగతీ అడిగి ఉండొచ్చు. నాకు తెలియకపోవడం కాదు, తెలుసుకోవాలని అనిపించకపోవడం నా తప్పు. మనకు నష్టం వచ్చేచోట ఎంతో జాగ్రత్తగా ఉంటాం. నష్టం నోరులేని ప్రాణికి వచ్చేచోట తొందరపడతాం. ఆ పైకి తేలి నోరు తెరవడమే అవి మాట్లాడిన మాట. నేను దాన్ని ఆకలి అనుకున్నాను. తమ్ముడు అక్షింతలన్నాడు.

అలాగని అందమే తప్పని నేను అనను. నాన్న తొట్టిని తిరిగి అమ్మేద్దామన్నారు. బతికిన చేపను చెరువులో వదిలేద్దామన్నాడు తమ్ముడు. అది కుదరదు. బయటి నుంచి వచ్చిన రంగు చేపలను చెరువుల్లో వదిలితే అక్కడి చేపలకు హాని. తెచ్చుకున్నాక చేతులు దులుపుకోలేం. ఆ చేపను రోజూ కొంచెం నీళ్ళు మారుస్తూ టబ్బులో కాపాడాను. గోల్డ్ ఫిష్ బాగా పెద్దదవుతుంది, 2 అడుగుల తొట్టి దానికి చాలదని తెలిశాక, పెద్ద సిమెంటు తొట్టి ఉన్న మా పెద్దనాన్న ఇంటికి పంపించాం.

బొమ్మలను తీసేశాను. తొట్టిలో ఇప్పుడు కడిగిన ఇసుక, నాలుగు నిజమైన నీటి మొక్కలు, ఒక ఫిల్టరు ఉన్నాయి. చిటికెడు మేత వేస్తూ ఐదు వారాలు ఖాళీ నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ "చేపలేవీ?" అని నవ్వారు. షాపతను నీళ్ళు పరీక్ష చేసి సరే అన్నాకే ఆరు గప్పీలు తెచ్చాం. అవి ఇప్పుడు పిల్లలు కూడా పెట్టాయి. పెళ్ళి మాత్రం ఆగలేదు. స్టాండు కింది అరలో, అరటి చెట్ల వెనకాల, ముక్కు లేని పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు బయటే కూర్చున్నారు. వాళ్ళకు నీళ్ళు అక్కర్లేదు. చేపలకు పెళ్ళి అక్కర్లేదు.

చేపను గాజు పెట్టెలో పెట్టడమే న్యాయమా అన్నది నాకింకా తేలలేదు. కాని ఒకటి నేర్చుకున్నాను. ఏదైనా అందంగా చేసేముందు, దాని లోపల ఎవరు బతకాలో వాళ్ళ వైపు నుంచి ఒకసారి చూడాలి. మన తరగతి గదిని అలంకరించినా, రేపు మనం ఇల్లు కట్టుకున్నా ఇదే మాట. మా తొట్టి ఇదివరకటిలా వింతగా లేదు. ఫోటోలు తీయడానికి ఎవరూ రావడం లేదు. ఆరు చేపలు మాత్రం నీళ్ళ మధ్యలో తిరుగుతున్నాయి, పైకి వచ్చి నోరు తెరవడం లేదు.