ఉన్నాడనే కదా తిట్టేది

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. రాజంపేట దగ్గర చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఆ తెల్లవారుజామున తెగింది. దీపాలు పెట్టడానికి శివాలయానికి వెళ్లినవాళ్లు కూడా ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ నీళ్లే పెన్నలో కలిసి మా అనంతసాగరం మండలంలోని సోమశిల డ్యాంకి చేరాయి. 78 టీఎంసీలు పట్టే జలాశయం అది. గేట్లెత్తి వదిలిన వరదకి దాని దిగువనున్న సోమేశ్వరాలయం కూడా దెబ్బతింది.

'కష్టంలో దేవుడు తోడుంటాడు' అనే మాటని పరీక్షించాలంటే ఇలాంటి చోటే పరీక్షించాలి. చెట్టెక్కి బతికినవాడు స్వామే కాపాడాడంటాడు. అనాలి కూడా. కానీ అదే గుళ్లో, అదే ప్రమిద వెలిగిస్తూ పోయినవాళ్ల సంగతో?

మా సాఫ్ట్‌వేర్ లోకంలో సర్వర్ ఏడాదికి ఎన్ని నిమిషాలకి మించి ఆగకూడదో ముందే ఒప్పందం రాసుకుంటాం. తప్పితే జరిమానా. మనలో చాలామంది నమ్మకం ఈ బాపతే. మొక్కు తీర్చాను కాబట్టి నా ఇల్లు మునగకూడదు. ఇల్లు మునిగింది కాబట్టి దేవుడు లేడు అనేవాడిదీ ఇదే లెక్క. ఇద్దరూ తెరిచింది ఒకే ఎక్సెల్ షీటు.

తెలుగులో మాత్రం 'తోడు' అనేది గ్యారంటీ కాదు. ఆస్పత్రికి తోడు వెళ్లినవాడు ఆపరేషన్ చెయ్యడు. బయట బల్ల మీద కూర్చుంటాడు, మందుల చీటీ పట్టుకుని పరిగెత్తుతాడు, రాత్రి కింద దుప్పటి పరుచుకుంటాడు. మా ప్రాంతంలో ఏఎస్ పేట దర్గాకి మతంతో పని లేకుండా జబ్బుమనుషుల్ని తీసుకొచ్చి అక్కడే రాత్రుళ్లు ఉండిపోయేవాళ్లని చూస్తే నాకు ముందు ఈ తోడే కనిపిస్తుంది. నయం కావడం సంగతి తర్వాత.

అయితే ఇది మరీ సులువైన జవాబు. మనిషి తోడుకి ఆపరేషన్ చేతకాదు, సరే. దేవుడికి చేతనవును అంటున్నాం కదా? చేతనై కూడా బల్ల మీద కూర్చున్నవాణ్ణి ఏమనాలి?

తిట్టాలి. మనవాళ్లు తిట్టారు కూడా. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. పన్నెండేళ్లంటారు. అక్కడ కూర్చుని రాముడికి, సీతకి, తమ్ముళ్లకి ఏ నగ ఎంత పెట్టి చేయించాడో వరసగా లెక్క చెప్పాడు. ఎవడబ్బ సొమ్మని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అన్నాడు. గోపన్నదీ ఒప్పందం భాషే అనొచ్చు. కానీ ఒప్పందం తప్పినవాడితో మాటలు ఆపేస్తాం. ఈయన ఆపలేదు. లేనివాణ్ణి ఇంత చనువుగా ఎవరూ తిట్టరు.

అలాగని అన్ని తిట్లూ పైకే పంపకూడదు. అన్నమయ్య ప్రాజెక్టు అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రే ఆ డిసెంబరులో రాజ్యసభలో చెప్పారు. తెరుచుకోని గేటుని దైవలీల ఖాతాలో రాయడం, నా దృష్టిలో, నాస్తికత్వం కంటే పెద్ద దైవదూషణ. రిపేరు చేయించాల్సినవాళ్లకి అంతకంటే హాయి ఇంకోటి లేదు.

గేట్ల లెక్క తేలాక కూడా కొంత మిగులుతుంది. ఆ పూటే అక్కడికి ఎందుకు వెళ్లారు, పక్కవాడు ఎందుకు బతికాడు లాంటివి. వాటికి నా దగ్గర జవాబు లేదు. గోపన్న కథలో రామలక్ష్మణులే వచ్చి తానీషాకి సొమ్ము చెల్లిస్తారు. మనం ఆ ముగింపు తెలిసి పాడుకుంటాం కాబట్టి అవి మనకి తియ్యగా ఉంటాయి. చెరసాలలో పాడినవాడికి మాత్రం ఎవరైనా వస్తారో రారో తెలీదు.