తీరిక వేళ పని

శ్రమకు విలువ కట్టునది శ్రమయా, లేక దానికి మనము పెట్టిన పేరా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కన్పట్టును. కాని కూలి, జీతము, గౌరవము అను మూడును దీనిపై ఆధారపడి యున్నవి. దీనిని విచారించుటకు తర్కగ్రంథముల జోలికి పోనక్కరలేదు. నూలుదారముతో చేయు లేసుపని చాలును.

తుంగభద్ర యెడమకాలువ నీరు వచ్చిన పిమ్మట గోదావరి, కృష్ణా, గుంటూరు మండలముల నుండి మనవారు అనేకులు ఈ రాయచూరు సీమకు వచ్చి, సింధనూరు ప్రాంతపు భూములలో క్యాంపులు కట్టుకొని వరి పండించిరి. తుర్విహాళ చుట్టుపట్ల తెనుగు మాట వినబడు ఇండ్లకు కొదువ లేదు. ఆ వలసలో నరసాపురము వైపు నుండి వచ్చిన ఆడువారి సంచులలో కొక్కెపు సూది కూడ వచ్చినది. మేమెరిగిన కొన్ని యిండ్లలో బల్లమీది గుడ్డకు, దిండుగలీబుకు ఉన్న లేసు అట్టి చేతిపనియే. ఎవరు చేసిరని యడిగినచో, "తీరిక వేళ అల్లితిని లెండి" అను సమాధానము వచ్చును. మా విచారణ యంతయు ఆ "తీరిక" అను మాటను గురించియే.

చేతిలేసులో రెండు తెరగులు మిక్కిలి ప్రసిద్ధములు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో చేయునది కొక్కెపు సూదితో ఒకే దారమును ఉచ్చులో నుండి ఉచ్చుగా లాగుచు అల్లునది. రెండవది కండెల లేసు. ఇది ఐరోపాలో 16వ శతాబ్దిలో వృద్ధి చెందినది. దీని నమూనాల పుస్తక మొకటి 1557లోనే వెనిస్ నగరమున అచ్చయినది. ఇందులో గట్టిగా కూరిన దిండుపై, సూదిపోట్లతో నమూనా గుర్తించిన అట్టను పరతురు. దారములను చిన్న కొయ్యకండెలకు చుట్టి, జంటజంటలుగా వ్రేలాడదీయుదురు. ఏ క్షణమునందైనను చేతిలో ఆడునవి రెండు జంటలు, అనగా నాలుగు కండెలు మాత్రమే. ఎడమనుండి లెక్కించి రెండవదానిని మూడవదానిపై దాటించుట ఒక కదలిక. రెండవదానిని మొదటిదానిపై, నాలుగవదానిని మూడవదానిపై వేసి మెలిపెట్టుట మరియొక కదలిక. దాటింపు, మెలిక, మరల దాటింపు చేసినచో గుడ్డవలె దట్టమైన నేత వచ్చును. దాటింపు, మెలికలతో ఆపినచో పలుచని జాలి వచ్చును. ఎంతటి పువ్వైనను, ఎంతటి ఆకైనను ఈ రెంటినుండియే పుట్టవలెను.

నేర్చువారు గమనింపవలసినవి కొన్ని కలవు. కండెలకు వదలిన దారముల పొడవు ఇంచుమించు సమానముగా నుండవలెను. లేనిచో బిగువు చెడును. గుండుసూదిని అట్టలోని రంధ్రములోనే గ్రుచ్చవలెను. అంచు సూదులను కొంచెము వెలుపలికి వాల్చినచో అంచు లోనికి లాగుకొనిపోదు. గ్రుచ్చిన సూదులను తొందరపడి తీయరాదు. నేత నిలద్రొక్కుకొనువరకు వాటిని ఉంచవలెను. తప్పు దొర్లినచో కత్తెర పనికిరాదు. వేసిన కదలికలనే తలక్రిందులుగా విప్పుచు వెనుకకు పోవలెను.

దట్టమైన నేతలో ఒక జంట అటునిటు పేకవలె నడచును. తక్కిన జంటలు పడుగువలె క్రిందికి వ్రేలాడును. నడచు జంటను ఆంగ్లేయులు పనిచేయునది యనియు, వ్రేలాడు జంటలను నిష్క్రియములనియు అందురు. కాని ఆ నిష్క్రియములైన జంటలు తమ బరువుతో దారమును బిగియపట్టనిచో నడచు జంటకు దారియే లేదు. కదలని దానిని పని చేయనిదిగా ఎంచుట దారముల విషయమున పేరుతో పోవును. మనుష్యుల విషయమున అది కూలిని తగ్గించును.

జర్మనీ దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ నరసాపురము లేసు స్త్రీలను గూర్చి పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటిచాకిరి యంతయు చేసికొనుచునే ఆ స్త్రీలు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరని ఆమె కనుగొన్నది. వారి లేసు విదేశములకు ఎగుమతి యగుచుండెను. ఐనను వారు గృహిణులనియు, తీరిక కాలమును సద్వినియోగము చేసికొనుచున్నారనియు చెప్పుచుండిరి. ఆ ఒక్క మాట మూలముగా కూలి తగ్గినది. ఎండలో నిలిచి పొలముపని చేయు స్త్రీకి వచ్చు కూలికంటె నీడలో కన్నులు చెడగొట్టుకొను స్త్రీకి వచ్చునది తక్కువయ్యెను.

మేము గుమాస్తాగిరిలో బ్రతుకు గడపినవారము. హాజరు పట్టీలో సంతకమైన పిదప ఏ కాగితమును రాని దినమున బల్లయొద్ద కూర్చుండుట కూడ పనిగానే లెక్కకు వచ్చెడిది. ఎవరును దానిని తీరిక యనలేదు, జీతమును కోయలేదు. వంటయింటి గడపలో కూర్చుండి ఆరుగంటలు అల్లిన స్త్రీకి హాజరు పట్టీ లేదు. లెక్కకు వచ్చునది దారపు ఉండ, కాలము కాదు. మా గంటకును ఆమె గంటకును భేదము రిజిస్టరులోనే యున్నది.

కొందరు ఇట్లు ఆక్షేపింతురు: "ఎవరును బలవంతపెట్టలేదు గదా! మనసుకు ఉల్లాసము, ఇంటికి నాలుగు రూకలు. ఇందులో అన్యాయమేమి?" ఉల్లాసము కలదనుట నిజము. ఐనను గాయకుడు పాటలో ఆనందించుచున్నాడని ఆతని సంభావన తగ్గింతుమా? వైద్యునకు వైద్యము ప్రియమని ఫీజు ఎగవేయుదుమా? ఆనందము పనివాని సొంతము. అది కొనువానికి తగ్గింపు కానేరదు.

మరికొందరు యంత్రమును చూపుదురు. ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1808, 1809 సంవత్సరములలో వలలేసు యంత్రములకు పేటెంటు పొందిన పిదప లేసు చౌకయయ్యెను. చేతిపని ధర కూడ దానితో పోటీపడి పడిపోవలసినదే యని వీరి వాదము. కాని నేడు చేతిలేసు కొనువాడు అది చేతితో చేసినదగుటచేతనే కొనుచున్నాడు. నరసాపురము లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చుట సంతోషమే. ఆ పేరు తెచ్చిన చేతులకు కూలి పెరుగకున్నచో ఆ సంతోషము సగమే.

లెక్క సరిగా కట్టినచో ఇదే పని ఏమి చేయగలదో దక్షిణాదిననే ఒక నిదర్శనము కలదు. 1820 ప్రాంతమున నాగర్‌కోయిల్‌లో లండన్ మిషను వారి మార్తా మాల్ట్ బాలికలకు దిండుపై కండెల లేసు నేర్పినది. వారిలో బానిసలుగా పుట్టిన కొందరు లేసుకూలిని కూడబెట్టి తమ స్వేచ్ఛను తామే కొనుక్కొనిరని ఆ మిషను చరిత్ర చెప్పుచున్నది. అవే కండెలు, అవే సూదులు. కూలి వారి చేతికే వచ్చుటవలన ఫలము వేరయ్యెను.

కావున మా సోదరీమణులకు మేము చెప్పునది ఒక్కటే. లేసు మొదలుపెట్టునపుడు గడియారము చూచి, పాల లెక్క వ్రాయు పుస్తకముననే ఒక మూల గంటలు వ్రాసికొనుడు. నెల గడచిన పిదప కూడి చూడుడు. బేరమునకు వచ్చిన వానికి ముందు ఆ పుట చూపి, తరువాత లేసు చూపుడు. ఇంటి పురుషులు కూడ ఒకమారు ఆ పుట చదువవలెను.