వాన పడితే తెలిసే పని

మనవడా,

టెంపో ట్రావెలర్‌ను చిన్న ఇల్లులా మార్చుకున్న ఆసామి ఒకాయన, దాని పైకప్పు మీద విరిగిన టీవీ యాంటెన్నా తీసేసి కొత్తది బిగించమన్నాడట. మేడారం జాతరకు బయల్దేరేలోపు కావాలని తొందర కూడా పెడుతున్నాడని మీ నాన్న చెప్పాడు. హనుమకొండలో ఎన్నో డాబాల మీద డిష్‌లు బిగించిన చేతికి ఇది చిన్న పనే. అయినా బేరం ఒప్పుకునే ముందు ఈ నాలుగు మాటలు చదువు బిడ్డా.

ఆయన అడిగింది పాతకాలపు అల్యూమినియం పుల్లల యాంటెన్నా. అది బజార్లో ఇప్పటికీ దొరుకుతుంది, బిగించడం అరపూట పని, కూలి కూడా వస్తుంది. బొమ్మ మాత్రం రాదు. టవర్ల నుంచి వచ్చే అనలాగ్ ప్రసారాలను, కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, ఆపేస్తున్నామని ప్రసార భారతి 2021లోనే ప్రకటించింది. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు ఇలాంటి బండ్ల మీద యాంటెన్నా పైకెత్తి టీవీ చూస్తుంటారు నిజమే. అక్కడ 2009లో పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారి, టవర్ల నుంచి ఉచితంగా ప్రసారం చేస్తూనే ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మనవాళ్ల బండికి పనికొచ్చేది వరంగల్ బండికి పనికిరాదు. ఆ సంగతి ఆసామికి తెలియదు, నీకు తెలుసు. తెలిసీ అడిగింది బిగించి డబ్బు తీసుకునే మెకానిక్‌లు ఉన్నారు. వాళ్లను ఎవరూ తప్పు పట్టలేరు కూడా, ఆయనే కదా అడిగింది! నువ్వు మాత్రం ముందే చెప్పు.

ఇక్కడ ఆ బండికి కావలసింది డిష్. డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఆ ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడి ఉంటుంది. వరంగల్ నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, దిగంతానికి సుమారు 63 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు లెక్క. డిష్ ముఖం రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగితే బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. మన డాబాల మీద కోతులు పట్టుకుని ఊగిన మర్నాడు ఫోన్లు వచ్చేది అందుకే. బండి అయితే ఆగిన ప్రతిచోటా ముఖం మారుతుంది, ప్రతిసారీ డిష్ తిప్పుకోవాలి. మేడారం దారిలో తాడ్వాయి అడవిలో చెట్టు కింద బండి ఆపితే కొమ్మలే సిగ్నల్‌ను అడ్డుకుంటాయి.

అందుకని డిష్‌ను పైకప్పుకు బిగించనే వద్దు. మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి, గాలికి పడిపోకుండా కాళ్ల మీద ఇసుక సంచులు వేసి, పొడవాటి కేబుల్ ఇస్తే చాలు. బండి నీడలో ఉన్నా డిష్‌ను ఎండలోకి జరుపుకోవచ్చు. కూలి సగానికి తగ్గుతుంది, తగ్గనీ.

ఆయన దగ్గర పాత డిష్, బాక్స్ ఉంటే కొత్తవి కొనిపించే ముందు వాటిని పరీక్షించు. బాక్స్ నుంచి డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు అదే కేబుల్ గుండా పోతుంది. కనెక్టర్‌లోకి నీళ్లు దిగి రాగి తీగ నల్లబడితే చాలు, కొత్త డిష్ తెచ్చినా ఫలితం ఉండదు. చాలాసార్లు తేలేది చిన్న కనెక్టర్ లోపమే.

ఇక అసలు పని విరిగిన యాంటెన్నా తీసిన చోట మిగిలే రంధ్రాలది. 1982లో ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన షెవ్రొలే వ్యానును, పైన మనిషి నిలబడి ఉపన్యసించేలా తయారు చేయించారు. ఈ ట్రావెలర్ పైకప్పు అలాంటిది కాదు, పలచని రేకు. నిలబడితే సొట్ట పడుతుంది. నిచ్చెన మీంచి చేసుకో, తప్పనిసరైతే అడ్డంగా చెక్క పలక వేసి దాని మీద మోకాళ్లూను. కరెంటు తీగల కింద బండి పెట్టుకుని ఇనుప పైపు ఎత్తొద్దు. పాత గమ్మునంతా గీకి, తుడిచి, రంధ్రం మీద రేకు ముక్క పెట్టి, దాని కింద బ్యూటైల్ టేపు వెయ్యి. అంచుల మీద పాలీయురెథేన్ సీలెంట్ పట్టించు. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ చవకే గానీ ఆ ఆమ్లం రేకును తుప్పు పట్టిస్తుంది. సిమెంటు, ఎం-సీల్ లాంటివి గట్టిపడ్డాక బండి కుదుపులకు పగుళ్లిస్తాయి. ఆ పగులులోంచి దిగే నీరు లోపలి ప్లైవుడ్‌ను నెలల తరబడి నానబెడుతుంది. అది బయటపడేనాటికి ఆసామికి నీ పేరు గుర్తుండకపోవచ్చు, నీకు మాత్రం గుర్తుంటుంది.

తీసిన అల్యూమినియం ఆయనదే. పాత సామాన్ల దుకాణానికి వేసేముందు అడుగు. ఆ పుల్లల వెనక పెద్ద కథే ఉంది. 1926లో జపాన్‌లోని సెండాయ్‌లో, తోహొకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా ఆ రకం యాంటెన్నాను రూపొందించాడు. పరిశోధన చాలావరకు ఆయనదే. కానీ ఇంగ్లీషులో ప్రపంచానికి చెప్పింది ఆయన పైఅధికారి హిదెత్సుగు యాగి. అందుకే చాలాకాలం లోకమంతా దాన్ని యాగి యాంటెన్నా అనే పిలిచింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. ఆ తర్వాత పదేళ్లకు, 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున రామాయణం కోసం డాబా మీద ఒకరు పైపు తిప్పుతుంటే కింద నుంచి మరొకరు 'వచ్చింది, పోయింది' అని అరిచేవారు. ఆ రోజుల్లో ఎవరి నోటా ఉదా పేరు వినబడలేదు. నీ వెంట నిచ్చెన పట్టుకునే కుర్రాడు ఉన్నాడు కదా. కనెక్టర్ లోపం వాడు కనిపెడితే, ఆ మాట ఆసామి ముందే చెప్పు. రోజు కూలి వాడి చేతికే ఇవ్వు.

సీలెంట్ ఎండడానికి ఒకరోజు వదిలెయ్యి. మర్నాడు ఆసామిని పిలిచి, పైకప్పు మీద నాలుగు బకెట్ల నీళ్లు పోయించు. ఆయన్ను టార్చితో లోపల కూర్చోబెట్టి సీలింగు చూడమను. పొడిగా ఉందని ఆయన నోటితో అన్నాకే మిగతా డబ్బు తీసుకో.

ఇట్లు,
మీ తాత,
హనుమకొండ.