గడ్డ ఒకటి, ప్రాణాలు ఎన్ని?

లాలాపేట్ మిద్దె మీద ఆలుగడ్డ వేయాలంటే అక్టోబరు, నవంబరే అదను. రాత్రిళ్లు చల్లబడకపోతే గడ్డ ఊరదు. వేడిని కాస్త ఓర్చుకునే కుఫ్రీ సూర్య రకం ఇక్కడికి నప్పుతుంది.

విత్తనపు గడ్డ మీద ఎన్నో కళ్లు. కన్ను ఉండేలా కోస్తే ప్రతి ముక్కా మొలకెత్తుతుంది. జైనులు ఆలుగడ్డను అనంతకాయమంటారు. ఒకే దేహంలో లెక్కలేనన్ని జీవులని నమ్మి తినడం మానేశారు.

వృక్షశాస్త్రం ప్రకారం మాత్రం ఒకే రకం గడ్డలన్నీ జన్యుపరంగా ఒక్కటే. మరి అవి ఒక ప్రాణమా, వేలా? తేల్చడం కష్టం. కానీ కోసే ముందు ఆ ప్రశ్న వేసుకున్న జైనుల కరుణ గొప్పది.

ఒకే దేహాన్ని నమ్ముకుంటే ముప్పే. 1845లో లంపర్ అనే ఒకే ఆలుగడ్డ రకంపై ఆధారపడ్డ ఐర్లండ్ పేదలను లేట్ బ్లైట్ తెగులు కరువులోకి నెట్టింది.

అందుకే సూర్య పక్కనే కుఫ్రీ పుఖ్‌రాజ్ రకానికీ ఒక కుండీ ఇవ్వండి.