తేడా ఎవరి వంతు?

మా అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తూ తన డిజిటల్ పియానోని నా గదిలో వదిలేసి వెళ్ళింది. "ఊరికే దుమ్ము పట్టిపోతుందమ్మా, వాయించుకో" అంది. చిన్నప్పుడు తెనాలిలో ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక అది అటకెక్కింది. చాలామంది కథే కాబట్టి దాన్ని వివరించను. రిటైరయ్యాక, రాత్రి అందరూ పడుకున్న తర్వాత, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పియానో ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఎవరికీ ఇబ్బంది కలగకుండా వాయించుకోవడం నాకు సులువుగానే పట్టుబడింది. ఆ శిక్షణ మనకి ప్రత్యేకంగా ఇవ్వాలా ఏమిటి!

శంకరాభరణం స్వరాలు నెమ్మదిగా వాయిస్తుంటే గాంధారం దగ్గర ఏదో గుచ్చుకునేది. తప్పు స్వరం కాదు. కాస్త ఎక్కువగా, కాస్త అసహనంగా పలుకుతున్నట్టు ఉండేది. మా వీణ టీచరుగారు తంబురా తీగ మీటి, "షడ్జంలోనే గాంధారం వినిపిస్తుంది, జాగ్రత్తగా విను" అనేవారు. ఆ గాంధారం వేరు, ఇది వేరు. యంత్రం పాడయిందేమో అనుకుని దానితో వచ్చిన చిన్న పుస్తకం తిరగేశాను. శ్రుతిని మొత్తంగా పెంచడానికీ తగ్గించడానికీ ఒక అమరిక ఉంది. మధ్య స్థాయి 'ఎ' మీట మామూలుగా సెకనుకి 440 కంపనాల దగ్గర ఉంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు. దాని తర్వాత 'టెంపరమెంట్' అని ఇంకో అమరిక, దాని కింద ఈక్వల్, ప్యూర్ మేజర్, పైథాగరియన్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్ అని పేర్లు ఉన్నాయి. అన్నిటికీ ముందు, ఏ స్వరాన్ని ఆధారంగా పెట్టాలో చెప్పమంటోంది.

ఇన్నేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాట దగ్గర ఆగిపోయాను. టెంపరమెంట్ అంటే మనకి మనిషి స్వభావం. "ఆవిడ టెంపరమెంటే అంత, ఎంత కష్టమైనా పైకి అనదు" అంటూ ఉంటాం. పాళ్ళు చూసి కలపడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందది. వాద్యం విషయంలో అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఎవరో కూర్చుని చేసిన సర్దుబాటు. మరి మనుషుల విషయంలోనో?

సర్దుబాటు ఎందుకు అవసరమైందో అర్థం కాక తెనాలిలో ఉన్న మా మరదలికి ఫోన్ చేశాను. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసింది. పుస్తకంలో చదివింది ఆమెకి చెప్పాను: షడ్జం నుంచి పంచమానికి వెళ్ళాలి, ఆ పంచమాన్నే షడ్జం అనుకుని దాని పంచమానికి వెళ్ళాలి. ఇలా పన్నెండుసార్లు వెళ్తే, ఏడు స్థాయిలు పైకెక్కి మళ్ళీ మొదటి స్వరానికే చేరాలి. చేరం, కొంచెం దాటిపోతాం. స-ప నిష్పత్తి మూడుకి రెండు, స్థాయి నిష్పత్తి రెండుకి ఒకటి అన్నాను. ఆమె నిమిషంలో తేల్చేసింది. "మూడుని పన్నెండుసార్లు హెచ్చిస్తే 5,31,441. రెండుని పంతొమ్మిదిసార్లు హెచ్చిస్తే 5,24,288. ఒకటి బేసి, ఒకటి సరి. ఎంతదూరం పోయినా ఎలా కలుస్తాయి వదినా?" అని నవ్వి, "మరి మిగిలిన ఆ తేడా ఎక్కడ పెడతారు?" అని అడిగింది.

ఆమె మామూలుగానే అడిగింది. నాకే జవాబు రాలేదు. ఎందుకో చెప్పాలి.

2018లో మా అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నేను, అన్నయ్య హైదరాబాదులో ఉంటాం. తమ్ముడు తెనాలి ఇంట్లోనే అమ్మతో ఉంటాడు. ఎవరం కూర్చుని మాట్లాడుకోలేదు. రెండు నెలలు తిరిగేసరికి మరదలు ఉద్యోగం మానేసింది. అమ్మకి స్నానం, మందులు, రాత్రి నాలుగుసార్లు లేవడం, పక్క మార్చడం అన్నీ ఆమే. నేను నెలకోసారి పళ్ళు పట్టుకుని వెళ్ళి, అమ్మ దుప్పటి ఎంత శుభ్రంగా ఉందో చూసి మురిసిపోయేదాన్ని. "కన్నకూతురి కంటే ఎక్కువగా చూసుకుంటోంది, ఆమె స్వభావమే అంత" అని అందరికీ చెప్పేదాన్ని. మా కుటుంబం ఎంత ఒద్దికగా ఉంటుందోనని బంధువులు మెచ్చుకునేవారు. ఆ ఏళ్ళలోనే నేను ఇంటిచాకిరీ గురించి, లెక్కలోకి రాని స్త్రీల శ్రమ గురించి వ్యాసాలు రాశాను. సెమినార్లలో చదివాను. చప్పట్లు కూడా కొట్టారు.

మిగిలిన తేడాని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకి యూరప్ సంగీతజ్ఞులు కాలానికొక జవాబు చెప్పారు. మీన్‌టోన్ పద్ధతిని 1523లోనే పియెత్రో ఆరన్ అనే ఇటాలియన్ వివరించాడు. అందులో తరచుగా వాడే గాంధారాలు కమ్మగా పలకడం కోసం పదకొండు పంచమాలని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. దాంతో పేరుకున్న తేడా అంతా పన్నెండో పంచమం మీద పడుతుంది. సాధారణంగా అది జి షార్ప్‌కీ ఇ ఫ్లాట్‌కీ మధ్య ఉంటుంది. ఆ రెండు మీటలూ కలిపి నొక్కితే అరుపులా వినిపిస్తుంది. దానికి తోడేలు అని పేరు పెట్టారు. తోడేలుని పోగొట్టే ప్రయత్నం కాదది. ఆ వైపు వెళ్ళకుండా పాటలు కట్టుకోవడం. వెళ్ళనంతకాలం వాద్యం అమృతంలా పలుకుతుంది.

నేనూ అమ్మ మంచం పక్కన అరగంట కూర్చుని, ఆ వైపు వెళ్ళకుండా తిరిగి వచ్చేదాన్ని.

ఆ రాత్రి పియానోని ప్యూర్ మేజర్‌కి మార్చి, 'సి'ని ఆధారంగా పెట్టాను. గాంధారం కుదురుకుంది. యాభై ఏళ్ళనాటి తంబురా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి కూడా. కాసేపటికి రిషభం, ధైవతం కలిపి వాయించాను. ఉలిక్కిపడ్డాను. స-ప ఎంత దూరమో రి-ధ కూడా అంత దూరం ఉండాలి. కానీ ఈ అమరికలో ఆ దూరం బాగా కురచయిపోయింది. తోడేలు ఎక్కడో అడవిలో ఉందనుకున్నాను. అది నా శంకరాభరణంలోనే, షడ్జానికి పక్కింట్లోనే ఉంది. షడ్జం దగ్గర కూర్చుని వినేవాళ్ళకి అంతా స్వచ్ఛంగానే ఉంటుంది. రిషభం దగ్గర కూర్చుని వినమని ఎవరూ అడగరు. అందుకే ఆ యంత్రం మొదట ఆధారస్వరం ఏదని అడుగుతుంది. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, జవాబు ముందే తెలుసన్నట్టు నడుచుకుంటారు.

ఈ తేడాలని కొలవడానికి సెంటు అనే కొలత ఉంది. ఒక స్థాయికి 1200 సెంట్లు. పన్నెండు పంచమాలు తిరిగాక మిగిలే తేడా దాదాపు 23.5 సెంట్లు. మీన్‌టోన్ తోడేలు ఉండాల్సినదానికంటే సుమారు 36 సెంట్లు ఎక్కువ. నా ప్యూర్ మేజర్‌లో రి-ధ సుమారు 21.5 సెంట్లు తక్కువ. మా వైపు వాళ్ళకి సెంటు అంటే పొలం, ఎకరానికి వంద. నాన్న పోయాక పొలం పంచుకున్నప్పుడు ఒక్క సెంటు అటూఇటూ కాకుండా సర్వేయర్‌ని పిలిచి గొలుసు లాగించాం. నా వంతు నేనూ గట్టిగానే అడిగి తీసుకున్నాను, అందుకు సిగ్గుపడను. కానీ అమ్మ పనిని మాత్రం ఎవరం కొలవలేదు. కొలిస్తే ప్రేమ తగ్గిపోతుందని అనుకున్నాం. కొలవకపోవడం ఎవరికి లాభమో ఆలోచించలేదు. మరదలు పోగొట్టుకున్న జీతం, సర్వీసు, నిద్ర ఏ కాగితం మీదా లేవు.

ఫోన్ మాట్లాడిన వారానికి అన్నయ్యనీ తమ్ముడినీ కూర్చోబెట్టి, ముగ్గురం తలా నాలుగు నెలలు అమ్మని చూసుకుందామన్నాను. తమ్ముడు నొచ్చుకున్నాడు. "మా ఇంట్లో ఎవరికీ లేని ఇబ్బంది నీకొచ్చిందేంటక్కా? ఇంతకాలం చక్కగానే జరిగిపోయిందిగా" అన్నాడు. జరిగిపోయింది, నిజమే. నేను మరదలి వైపు చూశాను. ఆమె నా పక్కనా మాట్లాడలేదు, తమ్ముడి పక్కనా మాట్లాడలేదు.

నేనడిగింది ఈక్వల్ టెంపరమెంట్. పన్నెండు పంచమాలూ తలా రెండు సెంట్లకి కాస్త తక్కువ వదులుకుంటాయి. తేడా ఎవరి మీదా విరుచుకుపడదు. ఏ స్వరం నుంచి మొదలుపెట్టినా ఒకేలా వాయించుకోవచ్చు. మింగ్ కాలపు చైనాలో జు జాయ్‌యూ 1584లోనే ఈ లెక్క కట్టాడు. దీనికీ ఖరీదుంది. గాంధారం ఎక్కడా స్వచ్ఛంగా పలకదు. అన్ని చోట్లా దాదాపు 14 సెంట్లు ఎక్కువే. మొదట నాకు గుచ్చుకున్నది అదే. సమానత్వం తియ్యగా ఉంటుందని మనం వాగ్దానం చేయకూడదేమోనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ తియ్యని చోట కూర్చున్నవాళ్ళకి అది కచ్చితంగా అపశ్రుతిలాగే వినిపిస్తుంది. "ఇల్లు మునుపట్లా లేదు" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు విన్న మునుపటి మాధుర్యం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పడం మన పని.

అయితే అక్కడితో నా వాదన గెలిచిందనుకోను. మనవాళ్ళకి హార్మోనియంతో ఈ గొడవ ఎప్పుడో వచ్చింది. దాని స్వరాలు బిగుసుకుపోయి ఉంటాయని, మన గమకాలు పలకవని, 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. మన పద్యనాటకాల వాళ్ళు అదే హార్మోనియంతో ఊళ్ళు ఊపేస్తూనే ఉన్నారు. ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయలేను. పన్నెండు మీటల మధ్య తేడాని ఎంత సమానంగా పంచినా, ఆ మీటల మధ్య జారే స్వరం లెక్కలోకే రాదు. మా పంపకంలో అలా జారిపోయింది అమ్మ. కారులో హైదరాబాదు తీసుకొచ్చాం. తెలిసిన గోడలు లేవు, పలకరించే పక్కింటివాళ్ళు లేరు. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని, "నన్ను సామాను తిప్పినట్టు తిప్పకండే" అంది. ముగ్గురం న్యాయంగా పంచుకున్నాం. పంచుకున్నది ఒక మనిషినని ఎవరికీ తట్టలేదు.

రెండు నెలలకే అమ్మని వెనక్కి తీసుకెళ్ళాం. ఆ రోజుల్లోనే పియానోలో వెర్క్‌మైస్టర్ వాయించి చూశాను. ఆయన 1691లో ప్రచురించిన పద్ధతుల్లో బాగా పేరొచ్చినదాంట్లో ఎనిమిది పంచమాలు స్వచ్ఛంగా ఉంటాయి. నాలుగు మాత్రం తలా ఆరు సెంట్ల దాకా తగ్గుతాయి. సమానం కాదది, కానీ తోడేలు ఎక్కడా లేదు. ప్రతి చోటుకీ ఓ రుచి ఉంది, వాయించలేని చోటు లేదు.

ఇప్పుడు మేం నడుపుతున్నది సుమారుగా అలాంటిదే. అమ్మ తెనాలిలో తన మంచం మీదే ఉంది. నేను నెలకి పది రోజులు వెళ్ళి ఉంటాను, అన్నయ్య వారం రోజులు. ఆ రోజుల్లో రాత్రి లేచేది మేమే. తమ్ముడు అమ్మకి స్నానం చేయించడం నేర్చుకున్నాడు. మరదలు సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతోంది. పోయిన సర్వీసు మాత్రం తిరిగిరాలేదు. పాత స్కూల్లో ఆమె తర్వాత చేరినవాళ్ళు ఇప్పుడు ఆమె కంటే పైన ఉన్నారు. పగటిపూట సాయానికి ఒకామెని పెట్టుకున్నాం. తన ఇంట్లో మంచాన ఉన్న అత్తని పదిహేనేళ్ళ కూతురికి అప్పజెప్పి ఆమె మా ఇంటికి వస్తుందని ఈ మధ్యే తెలిసింది. అంటే మా తేడాలో కొంత, బడి మానిన ఆ పిల్ల దగ్గరికి చేరింది. జీతం పెంచాం, పిల్లని బడికి పంపేలా పని వేళలు మార్చాం. అది చాలదని నాకు తెలుసు.

తేడా లేని ఇల్లు ఉండదు. బేసి సంఖ్య ఎప్పటికీ సరి సంఖ్య కాదు. కాబట్టి "సర్దుకుపో" అన్న మాటని పూర్తిగా తీసిపారేయలేను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా మా మరదలు అడిగిన ప్రశ్నే అడగాలని నిర్ణయించుకున్నాను. ఎంత, ఎక్కడ, ఎవరు పెట్టారు, మార్చుకునే మీట ఎవరి చేతిలో ఉంది?

నా పియానోకి ఒక అలవాటుంది. ఏ అమరిక పెట్టినా సరే, ఆపి మళ్ళీ వేస్తే తనంతట తనే సమానానికి వచ్చేస్తుంది. మా ఇల్లు అలా కాదు. కాస్త ఏమరుపాటుగా ఉంటే పాత చోటికే పోతుంది. పోయిన నెల నాకు జ్వరమొచ్చి తెనాలి వెళ్ళలేకపోయాను. ఆ పది రాత్రులూ ఎవరు లేచారని ఫోన్‌లో అడిగితే మరదలు మాట మార్చి, "పియానో ఎంతవరకు వచ్చింది వదినా?" అంది.

రేపు ఉదయం బండికి వెళ్తున్నాను.