పసరుమందు – మనస్సాక్షి



ఎండాకాలం ముదిరేసరికి మన అనంతపురం సీమలో బోర్లు ఎండిపోతాయి. ట్యాంకరు నీళ్ళకోసం బిందెలు బారులు తీరుతాయి. దొరికిన నీళ్ళే తాగాలి. ఆ రోజుల్లోనే ఎవరో ఒకరు కళ్ళు పచ్చబడి మంచం పడతారు. అప్పుడు ఇరుగుపొరుగు చెప్పే మొదటి మాట, "ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు, మూడు పొద్దులు తాగితే చాలు" అని. పరగడుపున నేల ఉసిరి పసరు, ఆపైన ఉప్పు లేని పథ్యం. నెల తిరిగేసరికి మనిషి లేచి పనికి పోతాడు. పసరు పోసినాయన చాలాచోట్ల పైసా కూడా తీసుకోడు. ఇందులో తప్పేముంది?

తేలికగా కనిపించే ఈ ప్రశ్న తేలికైనది కాదు. మంచి మనసుతో, నమ్మకంతో, ఉచితంగా చేసే పని తప్పు కాగలదా?

ముందు జరిగేదేమిటో చూద్దాం. కాలేయానికి వాపు తెచ్చే వైరస్సుల్లో ఏ, ఇ రకాలు కలుషితమైన నీటితో, తిండితో వస్తాయి. వీటినుండి చాలామంది కొద్ది వారాల్లో తమంతట తామే కోలుకుంటారు. పసరు తాగినా, తాగకపోయినా అంతే. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ కథ మనకు తెలిసిందే. అయితే నిండు గర్భిణికి ఇ రకం సోకితే అది ప్రాణాపాయం. అక్కడ ఒక్కరోజు ఆలస్యమైనా ముప్పే.

బి, సి రకాల దారి వేరు. ఇవి రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా అంటుకుంటాయి. బి రకం కాన్పు సమయంలో తల్లినుండి బిడ్డకు కూడా వస్తుంది. ఇవి కళ్ళు పచ్చబడకుండానే ఏళ్ళ తరబడి లోపల దాగి ఉండగలవు. పచ్చదనం తగ్గిందని పథ్యం విడిచినవాని కాలేయం లోలోపల గట్టిపడుతూనే ఉండవచ్చు. చివరకు పొట్టలో నీరు చేరినప్పుడో, క్యాన్సరు ముదిరినప్పుడో సంగతి బయటపడుతుంది.

శాస్త్రజ్ఞులు నేల ఉసిరిని వెక్కిరించి వదిలేశారనుకోకండి. మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్సును కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబెర్గ్‌తో కలిసి దానిని పరీక్షించింది. 1988లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఫలితం ఆశ పుట్టించింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. కాని తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు.

చైనావారి ఆక్యుపంక్చరు సంగతీ ఇంతే. ఆ సూది కొందరికి నొప్పి తగ్గించవచ్చు. వైరస్సును చంపుతుందనడానికి రుజువు లేదు. శుభ్రం చేయక మరొకరికి గుచ్చితే ఆ వైరస్సునే అంటిస్తుంది. అదే చైనావారి పాత వైద్యంలోని ఒక మొక్కనుండి మలేరియా మందు తీసిన తు యుయు 2015లో నోబెల్ అందుకున్నారు. పాతదైనంత మాత్రాన అబద్ధం కాదు, నిజమూ కాదు. పరీక్షించడమే మన పెద్దల విద్యకు మనమిచ్చే గౌరవం.

పసరు పోసే పెద్దాయన అబద్ధమాడటం లేదు. చూసినదే చెబుతున్నాడు. అయితే ఆయన చూసేది ఎవరిని? బాగైనవారిని. కృతజ్ఞత చెప్పడానికి వచ్చేది వారే. బాగుకానివాడు కర్నూలుకో బెంగుళూరుకో పోతాడు, లేదా మట్టిలో కలుస్తాడు. "నీ పసరు పనిచేయలేదయ్యా" అని చెప్పడానికి తిరిగి రాడు. సువార్తలో పదిమంది కుష్ఠరోగులు బాగైతే ఒక్కడే తిరిగి వచ్చాడు. ఇక్కడ రానివారే బాగుకానివారు. వారిని లెక్కించేవారు లేరు. కనుక చిత్తశుద్ధి ఒక్కటే చాలదు. ఒకరి ప్రాణాన్ని చేతిలోకి తీసుకున్నవాడు తిరిగి రానివారిని గురించి కూడా విచారించాలి.

"పేదవాడికి పసరైనా లేకపోతే ఏం మిగులుతుంది? పెద్దాసుపత్రిలో పేరు పెట్టి పలకరించేవారెవరు?" అని మీరడగవచ్చు. నిజమే. పసరు పోసే ఆయన పక్కన కూర్చుని పిల్లాజెల్లా గురించి అడుగుతాడు. ఆ ఆదరణ లేని వైద్యం సగం వైద్యమే. కాని వేరే దారి లేదనే మాట ఇప్పుడు చెల్లదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. సి రకం చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. బి రకాన్ని అదుపులో ఉంచే మాత్రలున్నాయి. బిడ్డ పుట్టిన 24 గంటల్లో వేసే టీకా ఉంది. 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను సామాన్యునికి అందే ధరకు తెచ్చింది.

మంచి సమరీయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు. అది ఆనాటి ఇంటివైద్యం. అయితే అక్కడితో ఆగలేదు. గాయపడినవానిని సత్రానికి చేర్చాడు, ఖర్చు భరించాడు, మళ్ళీ వస్తానన్నాడు.

కాబట్టి పసరు పోసే పెద్దాయనను ఎగతాళి చేయకండి. వెళ్ళి, చేతులు పట్టుకుని ఒక్కటి అడగండి: వచ్చిన ప్రతివానితో "నాయనా, ముందు రక్తపరీక్ష చేయించుకొని రా" అనమని. డాక్టరు చెబితే విననివారు ఆయన చెబితే వింటారు. మీ ఇంట్లోనే ఎవరికైనా కళ్ళు పచ్చబడితే, మీరే తోడుగా ఆసుపత్రికి నడవండి.